వరిగడ్డి నుంచి ఇథనాల్: చక్కెర ఎక్కడ ఆగిపోయిందో ముందు చూడాలి

హైదరాబాదులో బయోటెక్నాలజీలో ఎం.టెక్. చదువుతున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మిర్యాలగూడ దగ్గరి సొంత పొలం నుంచి తెచ్చిన వరిగడ్డిని ఆరబెట్టి, పొడి చేసి, 100 గ్రాముల పొడిని ఒక లీటరు 2 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కలిపి, ఆవిరి పీడనంతో ఉడికించే ఆటోక్లేవులో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉడికించారు. వడకట్టగా దిగిన ద్రవాన్ని సోడియం హైడ్రాక్సైడుతో తటస్థం చేసి, రంగు మార్పును బట్టి చక్కెరను కొలిచే డీఎన్‌ఎస్ పరీక్ష జరిపితే లీటరుకు 22 గ్రాముల చక్కెర కనిపించింది. అందులో బేకరీ ఈస్ట్ వేసి మూడు రోజులు పులియబెట్టారు. లెక్క ప్రకారం 11 గ్రాముల ఇథనాల్ రావలసి ఉండగా 1.5 గ్రాములే వచ్చింది. ఈస్ట్ నాసిరకమా, ఇంతకన్నా బలమైన ఈస్ట్ ఏది, ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేస్తే మా ఊరి గడ్డి పెట్రోలులో కలిపే ఇంధనం అవుతుందా అన్నవి వారి మూడు సందేహాలు.

హైదరాబాదు ప్రయోగశాలల్లో జొన్న చొప్ప, వరిగడ్డి, పత్తికట్టెల నుంచి చక్కెరలు తీసే పనిలో ఇరవై రెండేళ్లు గడిపిన అనుభవంతో సమాధానం రాస్తున్నాను. ఈస్ట్ తప్పేమీ లేదు. మీరు దానికి పెట్టిన చక్కెరలో అధికభాగం అది తినలేనిది. అది తినగలిగిన చక్కెర మీరు వడకట్టి పక్కన పడేసిన పిప్పిలోనే ఉండిపోయింది.

ఒకే వరి మొక్కలో గింజా ఉంది, గడ్డీ ఉంది. గింజలోని పిండిపదార్థమూ, గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజు అణువుల గొలుసులే. పిండిపదార్థంలో ఆ అణువులు ఆల్ఫా బంధంతోనూ, సెల్యులోజులో బీటా బంధంతోనూ కలుస్తాయి. ఈ చిన్న తేడా వల్ల సెల్యులోజు గొలుసులు వంపు లేకుండా నిటారుగా సాగి, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి, హైడ్రోజన్ బంధాలతో గట్టి స్ఫటికాలుగా పేరుకుంటాయి. నీరు కూడా వాటి మధ్యకు సులువుగా చొరబడలేదు. అందుకే అన్నం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. పశువుకు అరుగుతుందంటే దాని మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులే కారణం. సెల్యులోజు చుట్టూ హెమీసెల్యులోజు అనే మరో చక్కెరల గొలుసు అల్లుకొని ఉంటుంది. వరిగడ్డిలో అది ప్రధానంగా జైలోజు, కొంత అరబినోజు. ఈ రెంటినీ కప్పుతూ, చక్కెర కాని లిగ్నిన్ అనే గట్టి పదార్థం పట్టి ఉంటుంది. వరిగడ్డికి అదనంగా సిలికా బరువు కూడా ఉంది. కాల్చితే పది నుంచి పదిహేడు శాతం దాకా బూడిద మిగలడానికి అదే ముఖ్య కారణం.

ఇప్పుడు మీ 100 గ్రాముల లెక్క చూద్దాం. పూర్తిగా ఆరిన మంచి గడ్డిలో సుమారు 36 గ్రాముల సెల్యులోజు, 18 గ్రాముల జైలాన్ (జైలోజు గొలుసు) ఉన్నాయనుకుందాం. గొలుసు తెగిన ప్రతిచోటా ఒక నీటి అణువు వచ్చి చేరుతుంది కాబట్టి 36 గ్రాముల సెల్యులోజు 40 గ్రాముల గ్లూకోజు అవుతుంది, 18 గ్రాముల జైలాన్ సుమారు 20.5 గ్రాముల జైలోజు అవుతుంది. గ్రాము చక్కెరకు అత్యధికంగా 0.511 గ్రాముల ఇథనాలే వస్తుంది, తక్కినది బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. అంటే గ్లూకోజు నుంచి 20.4 గ్రాములు, జైలోజు నుంచి 10.5 గ్రాములు, మొత్తం సుమారు 31 గ్రాములు మీ గడ్డి ఇవ్వగల గరిష్ఠ ఇథనాల్. ఏ పద్ధతి వాడినా దీన్ని దాటడం సాధ్యం కాదు కాబట్టి, నోటు పుస్తకంలో మొదటి పేజీలోనే ఈ అంకె రాసుకోవాలి.

మీరు వాడిన 2 శాతం ఆమ్లం, 121 డిగ్రీల వేడి హెమీసెల్యులోజును బాగానే కరిగిస్తాయి. సెల్యులోజు స్ఫటికాన్ని మాత్రం ఆ వేడి దాదాపు ముట్టుకోలేదు. ద్రవంలోకి వచ్చిన 22 గ్రాముల్లో ఎక్కువ పాలు జైలోజు, కొద్దిగా అరబినోజు, మిగిలినది గడ్డిలో ముందే ఉన్న తేలికపాటి చక్కెరల నుంచీ సెల్యులోజు అంచుల నుంచీ వచ్చిన మూడు నాలుగు గ్రాముల గ్లూకోజు అయి ఉంటుంది. బేకరీ ఈస్ట్, అనగా సాకరోమైసిస్ సెరివిసియే, ఈ చక్కెరల్లో గ్లూకోజును మాత్రమే పులియబెడుతుంది. జైలోజును పులియబెట్టే శక్తి దానికి స్వతహాగా లేదు. మూడు గ్రాముల గ్లూకోజుకు 1.5 గ్రాముల ఇథనాల్ రావడం ఈస్ట్ తన పని నిండుగా చేసిందనడానికి రుజువు.

మిమ్మల్ని దారి తప్పించినది డీఎన్‌ఎస్ పరీక్ష. అది క్షయకరణ గుణమున్న ఏ చక్కెరకైనా ఇటుకరంగుకు తిరుగుతుంది. గ్లూకోజుకూ జైలోజుకూ తేడా చూపించదు, లిగ్నిన్ నుంచి ఊడి వచ్చిన ఫినాలులు కూడా కొంత రంగు కలుపుతాయి. ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం అందుబాటులో ఉంటే రెండు చక్కెరలనూ విడివిడిగా కొలవండి. లేకపోతే, మన డయాగ్నస్టిక్ ల్యాబుల్లో రక్తంలో చక్కెర చూడడానికి వాడే గ్లూకోజ్ ఆక్సిడేజ్, పెరాక్సిడేజ్ కిట్టు కొనుక్కోండి. కోఠిలోనైనా మరెక్కడైనా వైద్య రసాయనాలు అమ్మే దుకాణాల్లో దొరుకుతుంది. మాదిరిని తటస్థం చేసి, కిట్టు కొలవగల పరిమితిలోకి పలుచన చేసి చూస్తే గ్లూకోజు ఒక్కటే బయటపడుతుంది. ఖరీదైన పరికరం లేదన్న కారణంతో ఈ పరీక్షను వాయిదా వేసే విద్యార్థులను చాలామందిని చూశాను. ఆ వాయిదా వల్ల నెలల శ్రమ వృథా అవుతుంది.

మరో రెండు లోపాలు కూడా సరిచేసుకోవాలి. లీటరుకు 20 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని సోడియం హైడ్రాక్సైడుతో తటస్థం చేస్తే సుమారు 29 గ్రాముల సోడియం సల్ఫేటు ద్రవంలోనే మిగులుతుంది. అంత ఉప్పులో ఈస్ట్ నీరసపడుతుంది. సున్నంతో తటస్థం చేస్తే కాల్షియం సల్ఫేటు, అంటే జిప్సం, అడుగున పేరుకుంటుంది. దాన్ని వడకట్టి తీసివేయవచ్చు. రెండవది, హెమీసెల్యులోజుకు అంటుకొని ఉండే ఎసిటైల్ గుంపులు ఊడి ఎసిటిక్ ఆమ్లంగా మారతాయి. పీహెచ్ 4.8 కన్నా కిందికి దిగితే ఈ ఆమ్లం ఎక్కువగా విడిపోని రూపంలో ఉండి ఈస్ట్ కణంలోకి చొరబడి దాన్ని బాధిస్తుంది. అందువల్ల పులియబెట్టే సీసాలో పీహెచ్ 5.5 దగ్గర ఉంచండి. వేడి 160, 180 డిగ్రీలకు పెంచినప్పుడు జైలోజు విరిగి ఫర్‌ఫ్యురాల్, గ్లూకోజు విరిగి హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యురాల్ పుడతాయి. ద్రవం నల్లబడి బాదం వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే అప్పటికే చక్కెర కొంత పోయిందనీ, మిగిలిన చక్కెరలో ఈస్ట్‌కు విషం కలిసిందనీ గ్రహించాలి.

అయితే ఆమ్లాన్ని ఇంకా గట్టిగా, వేడిని ఇంకా ఎక్కువగా పెట్టి సెల్యులోజును కూడా కరిగించేయవచ్చు కదా అన్న ఆలోచన మీకు రావచ్చు. అది కొత్త ఆలోచన కాదు. ఫ్రాన్స్‌లో బ్రకొనో అనే రసాయనవేత్త 1819లోనే నార గుడ్డపేలికలను గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంతో చక్కెరగా మార్చారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో జర్మనీలో చెక్కపొట్టు నుంచి పలుచని ఆమ్లంతో చక్కెర తీసిన కర్మాగారాలు నడిచాయి. కాని పలుచని ఆమ్లంతో సెల్యులోజును తెంపగల వేడిలో, తెగి వచ్చిన గ్లూకోజు కూడా అంతే వేగంగా నాశనమవుతుంది కాబట్టి సగానికి మించి చేతికి రావడం కష్టం. గాఢ ఆమ్లం తక్కువ వేడిలోనే పని పూర్తిచేస్తుంది గాని, చక్కెర నుంచి ఆమ్లాన్ని విడదీసి మళ్లీ వాడుకొనే ఖర్చూ, లోహాన్ని తినివేసే గుణమూ మోయలేనివి. ఈ చిక్కు వల్లనే పరిశోధకులు ఎంజైముల వైపు తిరిగారు.

ఎంజైముల కథలో నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు, సామగ్రి వేగంగా చివికిపోతుండేవి. చివికిన గుడ్డ మీద దొరికిన ఒక బూజుకు తరువాతి కాలంలో, ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త గౌరవార్థం, ట్రైకోడెర్మా రీసై అన్న పేరు స్థిరపడింది. గుడ్డను కాపాడడానికి మొదలైన పరిశోధన గుడ్డను కరిగించే ఎంజైముల పరిశోధనగా మారింది. నేడు పరిశ్రమల్లో వాడే సెల్యులేజు (సెల్యులోజును తెంపే ఎంజైము) మిశ్రమాల్లో చాలావరకు ఆ ఒక్క బూజు సంతతివే. గడ్డివాము అడుగున వానకు తడిసి మురిగిన గడ్డిలో జరిగేదీ ఇలాంటి పనే.

ఈ మిశ్రమంలో మూడు రకాల ఎంజైములు ఒకదాని వెంట ఒకటి పనిచేస్తాయి. ఎండోగ్లూకనేజు గొలుసును మధ్యలో తెంపుతుంది. సెల్లోబయోహైడ్రోలేజు తెగిన కొసల నుంచి రెండేసి గ్లూకోజుల జంటలను ఊడదీస్తుంది. బీటా గ్లూకోసిడేజు ఆ జంటను విడగొట్టి గ్లూకోజు చేస్తుంది. మూడవది తక్కువైతే జంటలు పేరుకుపోయి ముందున్న రెంటినీ ఆపేస్తాయి. కనుక పాత రకం సెల్యులేజు కొంటే బీటా గ్లూకోసిడేజును విడిగా కలపవలసి ఉంటుంది. ఎంజైము శక్తిని ఫిల్టర్ కాగితం యూనిట్లలో కొలుస్తారు. ఇందుకు ప్రపంచమంతటా వాడే ప్రామాణిక పద్ధతిని అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంఘమైన ఐయూపాక్ తరఫున 1987లో ప్రచురించినది ఐఐటీ ఢిల్లీ ఆచార్యులు తరుణ్ కుమార్ ఘోష్ అని మన విద్యార్థులకు తెలియాలి.

మీరు చేయవలసిన తదుపరి ప్రయోగం ఇది. ఆమ్లంలో ఉడికించిన తరువాత మిగిలిన పిప్పి ఎండు బరువులో సుమారు 60 గ్రాములు ఉంటుంది, అందులో 33 గ్రాముల దాకా సెల్యులోజు ఉంటుంది. దానిని ఆమ్లం పోయేదాకా నీటితో కడగండి. నీరు పిండేసి, తడిగానే ఫ్రిజ్‌లో ఉంచండి. ఏ పరిస్థితిలోనూ ఓవెన్‌లో ఆరబెట్టవద్దు. పని మొదలుపెట్టిన కొత్తలో నేను ఎండు బరువు కచ్చితంగా తెలియాలని పిప్పి మొత్తాన్ని 105 డిగ్రీల వద్ద రాత్రంతా ఆరబెట్టి, ఆ తరువాత ఎంజైము వేసి, చక్కెర ఎందుకు రావడం లేదో అర్థంకాక మూడు నెలలు ఎంజైమును అనుమానించాను. తడిసిన పిప్పిలోని సన్నని రంధ్రాలు ఆరినప్పుడు మూసుకుపోతాయి; మళ్లీ నానబెట్టినా మునుపటిలా తెరుచుకోవు. ఎంజైము లోపలికి వెళ్లడానికి దారి ఉండదు. ఎండు బరువు తెలుసుకోవడానికి రెండు గ్రాముల మచ్చు తీసి ఆరబెడితే చాలు.

ఆ తడి పిప్పిని పీహెచ్ 4.8 నుంచి 5 దగ్గర నిలకడగా ఉంచే సిట్రేట్ బఫరు ద్రావణంలో కలిపి, గ్రాము సెల్యులోజుకు 20 యూనిట్ల చొప్పున సెల్యులేజు వేసి, 50 డిగ్రీల వద్ద 72 గంటలు తిప్పండి. మూడు గంటలు, ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు గడిచాక గ్లూకోజు కొలవండి. 33 గ్రాముల సెల్యులోజు నుంచి 36 గ్రాములకు పైగా గ్లూకోజు రావాలి; అందులో 80 శాతం, అంటే 29 గ్రాములు వస్తే మీ ఉడికింపు బాగున్నట్లే. సగం దగ్గరే ఆగిపోతే లిగ్నిన్‌ను అనుమానించాలి. లిగ్నిన్ దారికి అడ్డు పడటమే కాక ఎంజైమును తనకు అంటించుకొని పనికిరాకుండా చేస్తుంది.

అందువల్ల వరిగడ్డికి ఆమ్లం కన్నా క్షారం మెరుగని, కనీసం ప్రయోగశాల స్థాయిలో, నా అభిప్రాయం. ఒకటి రెండు శాతం సోడియం హైడ్రాక్సైడు ద్రావణంలో ఉడికిస్తే లిగ్నిన్‌ను, హెమీసెల్యులోజును ముడివేసే ఎస్టర్ బంధాలు తెగి లిగ్నిన్ బయటికి వస్తుంది, సిలికా కూడా చాలావరకు కరుగుతుంది, సెల్యులోజుతో పాటు జైలాన్‌లో ఎక్కువ భాగం పిప్పిలోనే నిలుస్తుంది. గడ్డిజాతి మొక్కల్లో ఈ ఎస్టర్ బంధాలు ఎక్కువ కాబట్టే వాటికి క్షారం ఇంత బాగా పనిచేస్తుంది. పత్తికట్టెకు అదే మోతాదు చాలదు. అయితే కర్మాగారంలో ఆ క్షారాన్ని తిరిగి రాబట్టాలి, అక్కడ కరిగిన సిలికా బాయిలరు గొట్టాలకూ ఆవిరి యంత్రాలకూ పెచ్చులు కడుతుంది. గడ్డితో కాగితం చేసిన మిల్లులు అనుభవించిన బాధే ఇది. అందుకే పెద్ద కర్మాగారాలు అధిక పీడనపు ఆవిరితోనో, పలుచని ఆమ్లమూ ఆవిరీ కలిపో గడ్డిని కొద్ది నిమిషాలు ఉడికించే పద్ధతుల వైపే ఎక్కువగా మొగ్గు చూపాయి.

ఇంకొక లెక్క తప్పనిసరిగా చూసుకోవాలి. పులిసిన ద్రవంలో ఇథనాల్ కనీసం 4 శాతం లేకపోతే దాన్ని బట్టీపెట్టి, అంటే మరిగించి ఆవిరిని చల్లార్చి, వేరుచేయడానికి అయ్యే ఆవిరి ఖర్చు గిట్టదు. ఆ 4 శాతానికి సుమారు 8 శాతం చక్కెర ఉండాలి. మీ 60 గ్రాముల పిప్పిని లీటరు నీటిలో వేస్తే వచ్చేది 3 శాతం గ్లూకోజే. అదే పిప్పిని 300 మిల్లీలీటర్లలో వేస్తే 9 శాతం దాటుతుంది. చెప్పడానికి సులువే గాని, ఆ మోతాదులో పిప్పి నీటినంతా పీల్చుకొని తడి మట్టిలా ముద్ద కడుతుంది, ఫ్లాస్కులో తిరగదు. పిప్పిని ఒకేసారి వేయకుండా నాలుగు విడతలుగా, ముందు వేసినది ఎంజైముకు కరిగి పలుచనయ్యాక తరువాతిది వేయండి.

జైలోజు ద్రవాన్ని కూడా పారవేయవద్దు, మీ ఇథనాల్‌లో మూడో వంతు అందులో ఉంది. షెఫర్సోమైసిస్ స్టిపిటిస్ అనే ఈస్ట్ జైలోజును స్వతహాగా పులియబెడుతుంది, కొద్దిపాటి గాలి అందేలా చూడాలి. మీ రెండవ సందేహానికి జవాబు ఇదే. పరిశ్రమల్లో, జైలోజు ఐసోమరేజు జన్యువును చేర్చిన బేకరీ ఈస్ట్ రకాలను వాడుతున్నారు.

ఇక మీ ఊరి గడ్డి సంగతి. దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2022లో జీవ ఇంధన విధానాన్ని సవరించి 2030 నుంచి 2025–26కు ముందుకు జరిపారు. ఈ ఇథనాల్‌లో అత్యధిక భాగం చెరకు, మొక్కజొన్న, బియ్యం, నూకల నుంచే వస్తోంది. తినే గింజ నుంచి కాక పొలంలో తగలబెట్టే గడ్డి నుంచి ఇంధనం రావాలని గట్టిగా కోరుకునేవారిలో నేనూ ఒకడిని, అందుకే అంకెలు దాచకుండా చెప్పాలి. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ సంస్థ 900 కోట్ల రూపాయలకు పైగా వెచ్చించి కట్టిన కర్మాగారాన్ని 2022 ఆగస్టు 10న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఏడాదికి సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి, సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ అన్నది దాని లక్ష్యం. అంటే టన్నుకు 150 లీటర్లు. మీ గడ్డి గరిష్ఠ లెక్క టన్నుకు 390 లీటర్లు అవుతుంది. పొలం నుంచి వచ్చే గడ్డిలో తేమా మట్టీ ఉంటాయి. ఉడికింపు, ఎంజైము, ఈస్ట్, బట్టీ అన్న ప్రతి మెట్టు దగ్గరా కొంత పోతుంది.

ఆ 2 లక్షల టన్నులను రోజువారీగా పంచితే 550 టన్నులు. పది టన్నులు పట్టే లారీలు ప్రతిరోజూ 55 రావాలి. తెలంగాణలో గడ్డి ఏడాది పొడవునా దొరకదు. వానాకాలం పంట, యాసంగి పంట కోతల తరువాత కొద్ది వారాలే చేతికి అందుతుంది. కోత మిషను వెళ్లిన వెంటనే గడ్డిని కట్టలు కట్టే బేలరు తిరగాలి. రైతు తరువాతి దుక్కికి తొందరపడేలోగా కట్టలు పొలం దాటాలి, ఆపైన నెలల తరబడి వానకూ నిప్పుకూ దూరంగా నిల్వ ఉండాలి. అమెరికాలో అయోవా రాష్ట్రంలోని నెవాడా పట్టణంలో డూపాంట్ సంస్థ మొక్కజొన్న చొప్పతో 2015లో తెరిచిన భారీ కర్మాగారం 2018లో మరొక సంస్థకు అమ్ముడుపోయి, ఆ తరువాత బయోగ్యాస్ వైపు మళ్లింది. ఎంజైము శాస్త్రం తెలియక జరిగిన పని కాదది. కట్టల్లో వచ్చే మట్టి, పీడనంలోకి గడ్డిని నెట్టే యంత్రాలకు పట్టే అరుగుదల, పెట్రోలు ధరల పతనం వంటివి ఈ రంగంలో చాలా కర్మాగారాలను కుంగదీశాయి.

మన దగ్గర ఇంకొక ప్రశ్న కూడా ఉంది. వానాకాలపు గడ్డి పశువుల మేత. దాన్ని ఇథనాల్‌కు మళ్లించడం నాకు సమ్మతం కాదు. మిషనుతో కోసిన తరువాత చెల్లాచెదురై, ఎవరూ ఏరుకోక, చివరికి నిప్పు పెట్టే గడ్డి ఒక్కటే లెక్కలోకి రావాలి. మీ మండలంలో అది ఎంత ఉందో ఒక పంటకాలం పాటు తిరిగి చూడండి. మిల్లుల్లో గుట్టలుగా దొరికే ఊక వైపు ఆశపడవద్దు. అందులో లిగ్నిన్, సిలికా ఇంకా ఎక్కువ, అది బాయిలరుకే తగినది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనూ, రాజేంద్రనగర్‌లోని చిరుధాన్యాల పరిశోధన సంస్థలోనూ తీపి జొన్న మీద జరిగిన పని చదవండి. దాని కాడలో పిండితే వచ్చే రసమే నేరుగా పులుస్తుంది. ఆకుల నడిమి ఈనె గోధుమరంగులో ఉండే జొన్న రకాల్లో లిగ్నిన్ తక్కువ కాబట్టి వాటి చొప్ప ఎంజైముకు తేలికగా లొంగుతుంది.

ప్రస్తుతానికి నాలుగు సీసాలు పెట్టండి: ఆమ్లంలో ఉడికించిన పిప్పి, క్షారంలో ఉడికించిన పిప్పి, ఏ ఉడికింపూ లేని పచ్చి గడ్డిపొడి, వాటి పక్కన ఉత్త వాట్‌మాన్ ఫిల్టర్ కాగితం. నాలుగింటికీ ఒకే ఎంజైము, గ్రాము సెల్యులోజుకు ఒకే మోతాదు. ఫిల్టర్ కాగితం బాగా కరిగి పిప్పి కరగకపోతే లోపం ఉడికింపులో ఉంది. కాగితం కూడా కరగకపోతే ఎంజైము పాతబడిందనో, బఫరు తప్పిందనో అర్థం. ఆ ఫలితాలు వచ్చాక ఎంజైము మోతాదును 20 యూనిట్ల నుంచి 10కి, ఆపైన 7కు తగ్గించి చూసి, గ్లూకోజు ఏ మోతాదు దగ్గర పడిపోవడం మొదలుపెడుతుందో రాసుకోండి. ఇథనాల్ లీటరు ధరలో ఎంజైము ఖర్చు ఎంత పడుతుందో ఆ అంకె నుంచే తేలుతుంది.